ఎడమవైపు జారే బొందు

టేపమ్మ లంగా బొందు ఎడమవైపుకి జారడం మానేసింది.

ఇంకెవరికైనా ఇది చెప్పుకోదగ్గ సంగతి కాకపోవచ్చు. కానీ అది ఇరవై ఏళ్ళకు పైగా, ఎంత బిగించి కట్టినా నాలుగడుగులు వేసేసరికి ఎడమపక్క కిందికి దిగిపోయిన బొందు. వీధివీధంతా ఈవిడ దగ్గరే బట్టలు కుట్టించుకునేది. మెడలో టేపు తీయకుండానే తిని, తీయకుండానే పడుకుని ఆ పేరు తెచ్చుకున్న మనిషి. అలాంటిదాని లంగా దాని నడుం మీదే నిలవకపోతే అంతకంటే తలవంపులు ఏముంటాయి? అందుకే ఆ ఉదయం వంటింట్లోంచి ముందుగదిలోకి, ముందుగదిలోంచి వీధి గుమ్మం దాకా నడిచి, వెనక్కొచ్చి, బొందు కట్టినచోటే ఉండటం చూసి, పట్టలేని సంతోషంతో కేకేసింది.

"వదినా! ఇలా రండి. నా ఎముక మళ్ళీ పెరిగింది!"

వదినగారంటే టేపమ్మ భర్తకి అక్క. ఆయన పోయాక ఆ ఇంట్లో మిగిలింది వీళ్ళిద్దరే. వదినగారు బస్సు కండక్టరుగా చేసి రిటైరైంది. ఉద్యోగం పోయింది గానీ గొంతు పోలేదు.

"ఈ వయసులో ఉన్న పళ్ళు ఊడకుండా ఉంటే చాలు," అంది వంటింట్లోంచే. "కొత్త ఎముకలు కూడా మొలుస్తున్నాయా నీకు?"

"ఎముక తనంతట తానే పూడుకుంటుందట వదినా. పుస్తకంలో ఉంది."

"పోయిన నెల నీకు గుండెజబ్బు దొరికింది కూడా ఆ పుస్తకంలోనే కదూ?"

అదీ నిజమే. టేపమ్మ బడికి వెళ్ళలేదు. జాకెట్టు చేతులకీ కాలర్లకీ అచ్చులు కత్తిరించడానికి పాత వార్తాపత్రికలు వాడేది కదా, వాటిమీద అక్షరాలు పట్టుకుని తనే చదవడం నేర్చుకుంది. అందుకని చాలా కాలం ఆవిడకి తెలిసిన ప్రపంచం చంక దగ్గర తెగిపోయి ఉండేది. ఎవరో మంత్రి ఏదో ప్రారంభించాడని తెలిసేది, ఏమిటో తెలిసేది కాదు. ఆ కరువు తీర్చుకోవడానికన్నట్టు, వయసు మీద పడ్డాక దొరికిన పుస్తకమల్లా చదివేసింది. పాత పుస్తకాల దుకాణంలో ఇంటి వైద్యం పుస్తకం ఒకటి దొరికింది. మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివితే, ఆవిడకి లేని జబ్బు అందులో ఒక్కటే తేలింది. అది మగవాళ్ళకి వచ్చేది.

తమాషా ఏమిటంటే, నిజంగా వచ్చిన జబ్బుని మాత్రం ఆవిడ కనిపెట్టలేకపోయింది. కాళ్ళు వాస్తే కుట్టుమిషను తొక్కుడు వల్ల అనుకుంది. ఆకలి లేకపోతే బెంగ అనుకుంది. తీరా చూస్తే రెండు కిడ్నీలూ పనిమానుకుని కూర్చున్నాయి.

అప్పట్నుంచి ఇంట్లోనే పొట్ట డయాలిసిస్. బొడ్డు పక్కన చిన్న గొట్టం పెట్టారు. దానిగుండా సంచిలో మందునీళ్ళు పొట్టలోకి వదలాలి. కొన్ని గంటలు లోపలే ఉంచుకోవాలి. ఒంట్లో మలినాలన్నీ ఆ నీళ్ళు పట్టుకున్నాక వాటిని ఖాళీ సంచిలోకి దించేసి, మళ్ళీ కొత్తవి ఎక్కించుకోవాలి. రోజుకి నాలుగుసార్లు ఈ తతంగం. వదినగారు చేతులు సబ్బుతో మోచేతుల దాకా తోమి, ముక్కుకి మాస్కు కట్టి, సంచి కొక్కేనికి తగిలించి, "ఎక్కేవాళ్ళు ఎక్కండి, దిగేవాళ్ళు దిగండి!" అనేది. నీళ్ళు దిగేవి. టేపమ్మ నవ్వితే, "నవ్వకే, గొట్టం ఊగుతుంది," అని కసిరేది. పొట్టలో రెండు లీటర్ల నీళ్ళు మోసుకుంటూనే టేపమ్మ కుట్టుపని చేసుకునేది.

ఇక ఆ ఎముక కథ. పాతికేళ్ళ కిందట, కిటికీ తెరలు తగిలిస్తూ స్టూలు మీదనుంచి పడి టేపమ్మ ఎడమకాలు విరగ్గొట్టుకుంది. అదీ పక్కింటి కిటికీ. వద్దంటున్నా వినకుండా ఎక్కింది. ఎముక ఎంతకీ అతుక్కోలేదు. రెండోసారి ఆపరేషను చేసినప్పుడు ఎముకల డాక్టరు తుంటి ఎముక పైఅంచు నుంచి ఒక ముక్క తీసి, కాలిలో ఖాళీ ఉన్నచోట పెట్టి పూడ్చాడు. కాలు చక్కగా అతుక్కుంది. తుంటి మీద మాత్రం పిడికిలి పట్టేంత పల్లం మిగిలింది. బొందు జారేది ఆ పల్లంలోకే. అలాంటిది, పొట్టలో నీళ్ళు మొదలుపెట్టిన ఏడాదికి పల్లం పూడింది. పూడి నున్నగా గుండ్రంగా తయారైంది. టేపమ్మ దాన్ని రోజూ తడిమి చూసుకుని మురిసిపోయేది.

ఒకరోజు తుమ్మింది. చేతికింద ఎముక ఎగిరిపడింది.

ఎముకలు ఎగరవని తెలియడానికి పుస్తకం అక్కర్లేదు. ఇంకా గమనించింది. పొట్టలో నీళ్ళుంటే ఆ ఉబ్బు పెద్దదవుతోంది. నీళ్ళు దింపి పడుకుంటే మాయమవుతోంది. మెత్తగా ఉంది. నొక్కితే లోపలికి పోతూ బుడబుడమంటోంది. టేపమ్మ గుండె జారిపోయింది, ఇన్నాళ్ళూ బొందు జారినట్టు. గబగబా పుస్తకం తీసింది గానీ, గడ్డల పేజీ దాకా వెళ్ళి, చదివే ధైర్యం లేక మూసేసింది. అక్కర్లేని జబ్బులన్నీ ఆసక్తిగా చదువుకున్న మనిషి, కావలసిన పేజీ దగ్గర కళ్ళు మూసుకుంది.

వదినగారితో చెప్పాల్సింది. చెప్పలేదు. ఎందుకంటే, ఆవిడ భయం గడ్డ గురించి కాదు.

డయాలిసిస్ క్లినిక్‌లో కిటికీ పక్క కుర్చీలో లెక్కల టీచరమ్మ ఒకావిడ కూర్చునేది. ఆవిడదీ పొట్ట డయాలిసిసే. ఇద్దరికీ మాటలు కలిశాయి. కొన్నాళ్ళకి ఆవిడ పొట్టలో ఏదో తేడా చేసింది. "ఇంక సంచులు కుదరవు, రక్తం శుభ్రం చేసే మిషను మీద పెట్టాలి," అన్నారు. ఆ మిషను పట్నంలో పెద్దాసుపత్రిలో ఉంది. వారానికి మూడుసార్లు వెళ్ళాలి. టీచరమ్మ ఇల్లు ఖాళీ చేసి పట్నంలో తమ్ముడింటికి వెళ్ళిపోయింది. పోతూ, "వచ్చే నెల కనిపిస్తాగా," అంది. మళ్ళీ కనిపించలేదు.

టేపమ్మకీ పట్నంలో అక్క కూతురుంది. మంచిపిల్ల. "పిన్నీ, ఎప్పుడైనా మిషను దాకా వస్తే మా ఇల్లుంది. ఒక గది నీదే అనుకో," అంది ఒకసారి ఫోనులో. ప్రేమగానే అంది. టేపమ్మకి మాత్రం జడ్జిగారు తీర్పు చదివినట్టు వినిపించింది. ఒక గది. ఒక మంచం. వదినగారికి ఆ పిల్ల ఏమీ కాదు. మోకాళ్ళరిగిపోయిన మనిషి ఏ హక్కుతో అక్కడికొచ్చి ఉంటుంది? అంటే, ఈ ఉబ్బు బయటపడిన రోజు తామిద్దరూ విడిపోయే రోజు.

విడిపోవడమంటే టేపమ్మకి ప్రాణం మీదికొచ్చినట్టే. తల్లి పోయినప్పుడు బొత్తాలు కొనడానికి బజారుకెళ్ళింది. భర్త పోయినప్పుడు ఆసుపత్రి కింద మందుల షాపు దగ్గర నిలబడి ఉంది. ఇద్దరికీ ఆఖరి మాట చెప్పలేదు. అప్పట్నుంచి వదినగారు పాలకోసం వీధి చివరికెళ్ళినా సరే, గుమ్మం దాకా వచ్చి, "జాగ్రత్త వదినా, నేనేమైనా అని ఉంటే మనసులో పెట్టుకోకండి," అనేది. "పాలకే వెళ్తున్నానే, పరలోకానికి కాదు!" అని వదినగారు వీధిలో అందరికీ వినపడేలా అరిచేది.

కాబట్టి టేపమ్మ ఆ ఉబ్బుని దాచాలని నిర్ణయించుకుంది. ఎలా దాచాలి? ఒక డాక్టరైతే ఒకలా, దొంగైతే ఇంకోలా ఆలోచిస్తారేమో. ఈవిడ దర్జీలా ఆలోచించింది. ఎడమవైపు ఎత్తుగా ఉంది కాబట్టి అందరికీ కనిపిస్తుంది. కుడివైపు కూడా అంతే ఎత్తుంటే అది ఒళ్ళు అనుకుంటారు. అద్దం ముందు నిలబడి, టేపు పెట్టి కొలిచి, అరచేతంత దూది దిండు కుట్టి, కుడి తుంటి మీద లంగా లోపల తగిలించుకుంది. అంచుకి కుచ్చుల జాలరు కూడా కుట్టబోయింది. చూసేవాళ్ళెవరూ ఉండరని గుర్తొచ్చి మానేసింది. ఇటు తిరిగి అటు తిరిగి చూసుకుంటే పొందిక కుదిరింది. తన తెలివికి తనే మెచ్చుకుంది.

క్లినిక్‌కి వెళ్ళాల్సిన రోజొచ్చింది. ఆ ఉదయం నీళ్ళు దిగడం ఆలస్యమైంది. ఎడమపక్క మెలిపెట్టినట్టు నొప్పి. "ఏమే, మొహం అలా ఉంది?" అంటే, "నిద్ర చాల్లేదు," అంది.

అక్కడి సిస్టరు ఎప్పట్లాగే బరువు తూచడానికి చెయ్యి పట్టి పైకెక్కించబోయింది. ఆసరాగా కుడి తుంటి మీద చెయ్యి వేసింది. చెయ్యి మెత్తగా లోపలికి దిగింది.

"అమ్మా, ఇక్కడ వాపుందే!" సిస్టరు మొహం మారిపోయింది. "డాక్టరుగారూ, ఒకసారి ఇటు రండి."

కిడ్నీల డాక్టరు పరుగున వచ్చాడు. కుర్రవాడు, మంచివాడు. లంగా మీదనుంచే జాగ్రత్తగా నొక్కాడు.

"నొప్పుందా?"

"లేదు బాబూ," అంది టేపమ్మ. దూదికి నొప్పేముంటుంది?

"ఎప్పట్నుంచి ఉంది?"

"పోయిన వారం నుంచి." ఆ మాట వరకూ ఆవిడ అబద్ధం ఆడలేదు. కుట్టింది పోయిన వారమే.

"ఒకసారి దగ్గండి."

దగ్గింది. కుడివైపు ఏమీ కదల్లేదు. డాక్టరు నుదురు చిట్లించి మళ్ళీ నొక్కాడు. లంగా కుచ్చుల్లోంచి తెల్లటి దారం కొస బయటికొచ్చింది. దాన్ని పట్టి లాగాడు. దారం వెంట దిండు, దిండు వెంట దూది.

ముందు వదినగారే నవ్వింది. కుర్చీ చేతులు పట్టుకుని, మాస్కు గడ్డం కిందికి జారిపోయేలా నవ్వింది. "కొలతలు తప్పలేదుగానీ, దారం ముడి వెయ్యడం మర్చిపోయావే!" అంటూ నవ్వుతూ నవ్వుతూ, ఉన్నట్టుండి ఆగింది.

"ఇటు దిండెందుకు పెట్టుకున్నావు?"

టేపమ్మ నేలచూపులు చూసింది.

"అటు ఉంది కాబట్టి," అంది.

పడుకోబెట్టి ఎడమపక్క చూశారు. ఈసారి నొక్కితే నొప్పి వేసింది. డాక్టరు ఫైలు తిప్పి, "మీకు ఇంతకుముందు జరిగిన ఆపరేషను కాలికే కదా?" అన్నాడు.

"కాలికే బాబూ." టేపమ్మ ధీమాగా పావడా అంచు పైకి లాగి మచ్చ చూపించింది. ఆ మచ్చంటే ఆవిడకి కాస్త గర్వం. కుట్లు వరుసగా వేశారని.

"మరి ఇక్కడ తుంటి మీద ఈ గీత ఏమిటి?"

"అదా? అది ఆపరేషను కాదు. కాలికి మాసిక వెయ్యడానికి అక్కణ్ణించి ముక్క కత్తిరించుకున్నారంతే."

"ముక్కంటే... ఎముకా?"

"ఎముకే."

డాక్టరు ఫైలు మళ్ళీ మొదట్నుంచి తిప్పాడు. పొట్టకి గొట్టం వేసేముందు అందరూ అడిగారు, ఆపరేషన్లేమైనా జరిగాయా అని. అందరికీ కాలు చూపించింది. అందరూ కాలే చూశారు.

తర్వాత ఆయన నెమ్మదిగా చెప్పాడు. పొట్ట కండరాలు కింద ఆ తుంటి ఎముక అంచునే పట్టుకుని ఉంటాయి. అంచులో ముక్క తీసినచోట ఆ గోడ బలహీనపడింది. ఇన్నేళ్ళూ ఏమీ కాలేదు. ఇప్పుడు రోజూ లీటర్లకొద్దీ నీళ్ళు లోపల్నించి తోస్తుంటే, ఆ సందులోంచి పేగు బయటికి జారింది. హెర్నియా. అది ఇరుక్కునేలా ఉంది. ఇవాళే పెద్దాసుపత్రికి వెళ్ళి సరిచేయించుకోవాలి.

టేపమ్మ అంతా విని తల పట్టుకుంది. అంచు కత్తిరించేస్తే కుట్టు దేన్ని పట్టుకుని నిలుస్తుంది? పని నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలకి మొదటిరోజే ఆవిడ చెప్పే మాట అది. చెప్పని పిల్ల లేదు. తన ఒంటి మీద కుట్టు పిగిలితే మాత్రం, గుడ్డ కొత్తగా పెరిగిందనుకుని మురిసిపోయింది.

"మరి సంచులు, బాబూ?" అంది.

"కుట్టిన చోట గట్టిపడేదాకా కొన్ని వారాలు మిషను మీద ఉండాలి. తర్వాత కొద్దికొద్దిగా నీళ్ళు వదిలి చూద్దాం. మళ్ళీ ఉబ్బకపోతే ఎప్పట్లాగే ఇంట్లో సంచులు. మళ్ళీ ఉబ్బితే మాత్రం ఇక మిషనే."

ఆంబులెన్సు కోసం వరండాలో కూర్చున్నారు. వదినగారు దిండులోంచి ఊడిన దూదిని మళ్ళీ లోపలికి కూరుతూ కూర్చుంది. ఆవిడ మాట్లాడకపోతే టేపమ్మకి ఊపిరాడదు.

"నాతో ఎందుకు చెప్పలేదే?"

"చెబితే పట్నం పంపించేస్తారని."

"ఎవరు? నేనా?"

"ఎవరైనా. మీరేమో అక్కడికి రాలేరు. మీ మోకాళ్ళు..."

"నా మోకాళ్ళ సంగతి నా మోకాళ్ళని అడిగావా? పోనీ నన్నడిగావా?" వదినగారి గొంతు లేచింది. వరండాలో అందరూ ఇటు తిరిగారు. "ముప్ఫై ఏళ్ళు బస్సులో నిలబడ్డాను. చచ్చేదాకా బస్సు పాసుంది నాకు. లోపల పేగులు జారిపోతుంటే పైన దిండు కుట్టుకున్నావు! పోయేదానివి. నాకు చెప్పకుండా పోయేదానివే!"

టేపమ్మకి అప్పుడు తట్టింది. తల్లి దగ్గరా భర్త దగ్గరా తనకి దక్కనిదేదో, అదే తను వదినగారికి దక్కకుండా చెయ్యబోయింది. ఏడుపొచ్చింది. ఏడిస్తే ఎడమపక్క ఎగురుతుందని భయపడి ఆపుకుంది.

ఆంబులెన్సులో దారిపొడవునా ఒక ప్రసంగం తయారుచేసుకుంది. జీవితంలో మొదటిసారి ఆఖరి మాట చెప్పే అవకాశం వచ్చింది, వదులుకోకూడదు. ఇన్నేళ్ళు చేసిన సేవకి కృతజ్ఞత, అన్న మాటలకి క్షమాపణ, కుట్టుమిషను ఎవరికివ్వాలో, పెట్టెలో బొత్తాలు ఎవరికివ్వాలో, అన్నీ వరుసగా పేర్చుకుంది. ఆపరేషను గది తలుపు దగ్గర స్ట్రెచరు ఆగింది. టేపమ్మ గొంతు సవరించుకుంది.

"వదినా, ఈ జన్మలో నేను మీకు..."

వదినగారు అరచేత్తో స్ట్రెచరు ఇనుపపట్టీ మీద రెండు దెబ్బలు వేసింది.

"రైట్ రైట్! పోనివ్వండి!"

తోసేవాడు అలవాటుగా కదిలించేశాడు. తలుపులు మూసుకున్నాయి. మత్తుమందు ఎక్కించేదాకా టేపమ్మ నవ్వుతూనే ఉంది. నవ్వకండమ్మా, ఊగుతుంది, అన్నారు అక్కడ కూడా.

పేగుని లోపలికి తోసి, సందు మీద వలలాంటి గుడ్డ వేసి కుట్టారు. లేచాక టేపమ్మ ఆ వల ఏ గుడ్డో, దారం ఒంటిపేటో రెండుపేటలో అడిగింది. సర్జను ఓపిగ్గా చెప్పాడు. కుట్టు బాగుందని ఈవిడ సర్టిఫికెట్టిచ్చింది.

ఆ తర్వాత అక్క కూతురింట్లో ఉండి మిషనుకి వెళ్ళింది. మెడలో టేపు ఉండేచోట ఇప్పుడు రక్తం తీసే గొట్టం. మిషను మీద పడుకున్న ప్రతిసారీ, ఎదురు కుర్చీలో వదినగారుండేది. రెండు బస్సులు మారి వచ్చేది. మెట్లెక్కలేక రొప్పుతూ వచ్చి, "మీ పట్నం కండక్టర్లకి గొంతే లేదు," అని విసుక్కునేది. సాయంత్రం వెళ్ళేటప్పుడు మోకాళ్ళు పట్టేసి, లేవడానికి కుర్చీని బతిమాలుకునేది. అది టేపమ్మ చూసేది. కొన్ని వారాలైతే సరే. ఎప్పటికీ ఇలాగే అంటే ఈ మనిషి వల్ల కాదు. రాలేకపోయినా మాననూ మానదు. ఏదో ఒకరోజు ఏ బస్సు మెట్టు మీదో పడుతుంది. ఆ రోజు తను మిషనుకి కట్టేసి ఉంటుంది.

వారాలు గడిచాయి. ఇంటికి పంపారు. మొదట కొద్దిపాటి నీళ్ళు, అవీ పడుకుని. తర్వాత ఇంకాస్త. ఆ తర్వాత క్లినిక్ నుంచి సిస్టరు ఫోను చేసింది. "అమ్మా, ఇవాళ నీళ్ళు లోపలుండగా లేచి నడవండి. ఎడమపక్క ఉబ్బిందేమో చూసి చెప్పండి."

టేపమ్మ మంచం మీద కూర్చుని లంగా బొందు బిగించి కట్టింది. ఇరవై ఏళ్ళలో కట్టనంత జాగ్రత్తగా కట్టింది.

"చెయ్యి పెట్టి చూసుకోవే," అంది వదినగారు.

"నా చెయ్యిని నేను నమ్మను. పేగుని ఎముకనుకున్న చెయ్యి అది."

"అయితే నన్ను చూడమనకు." వదినగారు గోడవైపు తిరిగి నిలబడింది. వేల మందిని ఎక్కించి దించిన మనిషి, ఖాళీ సంచిని మడతపెట్టి విప్పుతూ, మళ్ళీ మడతపెడుతూ నిలబడింది.

టేపమ్మ లేచింది. నీళ్ళ బరువు పొట్టలో కిందికి దిగింది. మంచం దగ్గర్నుంచి కుట్టుమిషను దాకా నడిచింది. బొందు కట్టినచోటే ఉంది. మిషను చుట్టూ తిరిగింది. కట్టినచోటే ఉంది. పట్నంలో ఆ గది, ఆ మంచం కళ్ళముందు కనిపించాయి.

"ఏమైంది?" అంది వదినగారు గోడతో.

"ఉండండి."

కిటికీ వైపు నడిచింది. ఒకడుగు. ఇంకో అడుగు. ఎడమపక్క ఏదో వదులైనట్టనిపించింది. బొందు తుంటి మీదనుంచి మెల్లగా జారి, వెనకటి పల్లంలోకి, తన సొంతింట్లోకి వచ్చినట్టు వచ్చి కూర్చుంది. లంగా అంచు ఒకవైపు నేలకి తగిలింది.

"జారింది వదినా!"

వదినగారు ఇటు తిరిగింది. ఎడమవైపు వాలిపోయిన లంగానీ, దాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డ మరదలినీ చూసింది.

"పేరుకి దర్జీవి," అంది చివరికి, ముక్కు మాస్కుతో తుడుచుకుంటూ. "ఒక్క లంగా సరిగ్గా కట్టుకోవడం చాతకాదు."